రోకలిబండకు వెయ్యి కాళ్లున్నాయా?

(వానాకాలం ప్రకృతి పరిశీలన శిబిరంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు మీకో చిన్న ప్రశ్న. తొలకరి వానలు పడగానే గుమ్మం దగ్గర, బాత్రూం మూలన, తులసికోట చుట్టూ ఒక పురుగు కనిపిస్తుంది. నల్లగా ఉంటుంది, లేదా ఇటుక రంగులో ఉంటుంది. తొందరేమీ లేనట్టు పాకుతుంది. ముట్టుకుంటే చాలు, చుట్ట చుట్టుకుని పడిపోతుంది. దాని పేరేంటి? గట్టిగా చెప్పండి.

రోకలిబండ అన్నారు చాలామంది. సహస్రపాది అన్నారు ఇక్కడ మేడం. పిల్లలు మిల్లిపీడ్ అన్నారు. వెనక ఒకాయన జెర్రి అన్నారు. అది మాత్రం కాదండీ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మూడు పేర్లొచ్చాయి. మిల్లిపీడ్ లాటిన్ మాట. మిల్లె అంటే వెయ్యి, పెస్ అంటే పాదం. సహస్రపాది అన్నా అదే అర్థం. ఈ రెండూ కాళ్ల లెక్క చెబుతున్నాయి. రోకలిబండ అన్న మన పేరు మాత్రం కాళ్ల జోలికే పోలేదు. మరి ఆ లెక్క నిజమేనా? ఎవరైనా కూర్చుని లెక్కపెట్టారా? ఈ రోజు మనం లెక్కపెడదాం.

ముందు వెయ్యి అన్న మాట చూడండి. మన భాషలో వెయ్యి ఎక్కడెక్కడ వస్తుంది? వెయ్యి కళ్లతో ఎదురుచూశాం అంటాం. హనుమకొండలో 1163లో కట్టిన గుడిని వెయ్యిస్తంభాల గుడి అంటాం, స్తంభాలు లెక్కపెట్టి చూపించమని పూజారిని ఎవరూ నిలదీయరు. పురుషసూక్తంలో సహస్రశీర్షా, సహస్రాక్షః, సహస్రపాత్ అని ఉంది. అక్కడ సహస్రం అంటే 999 తర్వాత వచ్చే అంకె అనుకుంటామా? లెక్కకు అందనన్ని అనుకుంటాం.

రోమన్లదీ అదే తీరు. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పండితుడు ప్రకృతి గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఒకచోట ఏమంటాడంటే, మిల్లిపెడా అనే పురుగు ఉంది, దాన్నే కొందరు సెంటిపెడా అంటారు, మరికొందరు మల్టిపెడా అంటారు అని. గమనించారా? ఒకే పురుగు. ఒకరికి వెయ్యి కాళ్లది, ఇంకొకరికి వంద కాళ్లది, మూడోవారికి చాలా కాళ్లది. వందకీ వెయ్యికీ మధ్య తేడా వాళ్లకి పట్టలేదు. పేరు పెట్టినవాళ్లు వంగి చూశారు, బోలెడు కాళ్లు కనిపించాయి, నోటికొచ్చిన పెద్ద అంకె వేశారు. జర్మన్లు, ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ తమ భాషల్లో వెయ్యి కాళ్లదనే అంటారు. పారసీలో హజార్‌పా. ఆ హజారు మనకు తెలిసిన హజారే. రష్యన్లు మాత్రం జాగ్రత్తపడ్డారు, వాళ్ల పేరుకు చాలా కాళ్లది అని అర్థం.

కాళ్లు చూడకుండా పేరు పెట్టినవాళ్లం మనం ఒక్కళ్లమే కాదు. దక్షిణాఫ్రికాలో జులూలు, షోసాలు దీన్ని షొంగొలోలో అంటారు. చుట్టుకోవడం అనే క్రియ నుంచి వచ్చింది. వాళ్లు పురుగు చేసే పని చూశారు, మనవాళ్లు ఆకారం చూశారు. రోకలి ఎలా ఉంటుంది? పొడుగ్గా, గుండ్రంగా, మొదలు నుంచి చివరి దాకా దాదాపు ఒకటే లావు. చివర ఇనుప పొన్ను. పాకుతున్న ఈ పురుగును పైనుంచి చూడండి, పొన్ను తొడిగిన చిట్టి రోకలే. నన్నడిగితే, ఉన్న పేర్లన్నిటిలోకీ చూసి పెట్టిన పేరు మనదే. ఇంట్లో రోలూ రోకలీ లేని పిల్లలకు ఆ పోలిక తెగిపోతోంది, అదే బాధ. ఈ సాయంత్రం ఇంటికెళ్లి మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, రోకలి ఎలా ఉండేదని.

సరే, లెక్కకు వద్దాం. ఇది కొంచెం జాగ్రత్తగా వినాలి.

రోకలిబండ ఒళ్లంతా గాజులు తొడిగిన చెయ్యిలా ఉంటుంది. పుస్తకాల్లో ఖండాలు అంటారు, మనం గాజులనే అందాం. తల వెనక ఉన్న మొదటి గాజుకు కాళ్లు లేవు. అది మెడపట్టీ అనుకోండి. తర్వాత మూడు గాజులకు ఒక్కోదానికి ఒక్కో జత. ఆ తర్వాత వచ్చే ప్రతి గాజుకూ రెండేసి జతలు, అంటే నాలుగేసి కాళ్లు. తోక చివరికి వచ్చేసరికి మళ్లీ కాళ్లు లేని గాజు కనీసం ఒకటి ఉంటుంది. అది కొత్త గాజులు పుట్టే చోటు.

ఈ రెండేసి జతలే దీని అసలు గుర్తు. శాస్త్రంలో ఈ జంతువుల తరగతికి పెట్టిన పేరు డిప్లోపోడా. గ్రీకులో డిప్లో అంటే రెట్టింపు, పోడా అంటే పాదాలు. చూశారా, శాస్త్రం వెయ్యి జోలికి పోలేదు, రెట్టింపు అంది. అది లెక్క తప్పని పేరు. ఎందుకు రెట్టింపు? గుడ్డులో పెరిగేటప్పుడు రెండు ఖండాలు కలిసి ఒకే గాజుగా అతుక్కుంటాయి. అందుకే బయట కాళ్లే కాదు, లోపల గాలి పీల్చే రంధ్రాలూ, నరాల ముడులూ కూడా గాజుకు రెండేసి జతలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 50 గాజులున్న రోకలిబండ అనుకోండి. మొదటిది తీసెయ్యండి, చివరిది తీసెయ్యండి. 48. అందులో మూడు ఒంటి జతవి, వాటికి ఆరు కాళ్లు. మిగిలిన 45ను నాలుగుతో గుణిస్తే 180. మొత్తం 186. వెయ్యికి ఎంత దూరంలో ఉన్నామో చూడండి. చాలా రకాలకు 40 నుంచి 400 లోపే. పూలకుండీల కింద చదునుగా, వెన్ను పక్కలకు రెక్కల్లా అంచులున్న చిన్న రకం ఉంటుంది కదా, దానికి పెద్దయ్యాక సాధారణంగా 20 గాజులు, తోక చివర కాళ్లు లేనివి రెండు, ఆడదానికి 62 కాళ్లు, మగదానికి 60. అంతే.

మగదానికి రెండు ఎందుకు తగ్గాయని ఇక్కడ పాప అడుగుతోంది. మంచి ప్రశ్న. ఈ పాకే రకాల్లో చాలావాటికి, మగదాంట్లో ఏడో గాజు దగ్గర కాళ్లు నడకకు పనికిరావు. అవి రూపం మారి, ఆడదానికి బీజాన్ని అందించే అవయవాలవుతాయి. కొన్ని రకాల్లో ఒక జత మారుతుంది, కొన్నిటిలో రెండు జతలు. ఆ అవయవం ఆకారం ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటుంది, తాళానికి తాళంచెవి లాగ. రంగు చూసి జాతి చెప్పడం కష్టం. నిపుణులు మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది దీన్నే.

మరి అసలు ఎవరికైనా వెయ్యి ఉన్నాయా? చాలాకాలం లేవు. కాలిఫోర్నియాలో ఇల్లాక్మె ప్లెనిపెస్ అనే సన్నటి రకాన్ని 1928లో వర్ణించారు. తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. 2005లో పాల్ మారెక్ అనే పరిశోధకుడు మళ్లీ పట్టుకున్నాడు. దానికి 750 కాళ్ల దాకా ఉన్నాయి. అప్పటికి ప్రపంచ రికార్డు అదే. అంటే మిల్లిపీడ్ అని పిలుస్తూ వందల ఏళ్లు గడిచినా, ఆ పేరు మొయ్యగల పురుగు ఒక్కటీ దొరకలేదు.

దొరికింది 2020లో. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈస్టర్న్ గోల్డ్‌ఫీల్డ్స్ అనే గనుల ప్రాంతం ఉంది. ఖనిజాల కోసం అక్కడ నేలలోకి బోరు రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాల్లోకి తడి ఆకుల చెత్త నింపిన గొట్టాలు దించి, అడుగున ఏ జీవులున్నాయో చూస్తారు. అలా 60 మీటర్ల లోతులో ఒకటి చిక్కింది. మన పల్లెల్లో చేదబావి ఎంత లోతు ఉంటుంది? దానికి ఎన్ని రెట్లో చూసుకోండి. కళ్లు లేవు. ఒంట్లో రంగు లేదు, పాలిపోయి ఉంది. పొడవు 95.7 మిల్లీమీటర్లు, వెడల్పు 0.95 మిల్లీమీటరు. దారానికి కాళ్లు మొలిచినట్టు. గాజులు 330. కాళ్లు 1,306.

దానికి యూమిల్లిపెస్ పెర్సెఫొనె అని పేరు పెట్టారు. యూ అంటే నిజమైన, నిజంగా వెయ్యి కాళ్లది అని. పెర్సెఫొనె గ్రీకు పురాణంలో పాతాళానికి రాణి. 2021 డిసెంబరులో ఈ సంగతి ప్రకటించారు.

ఇందాకటి లెక్క దీనికి వేసి చూడండి. 330లో మొదటిది, చివరిది తీసేస్తే 328. ఒంటి జతవి మూడు తీస్తే 325. నాలుగుతో గుణిస్తే 1,300. ఆరు కలిపితే 1,306. సరిపోయింది కదా!

అక్కడే ఇంకో ఆడది దొరికింది. దానికి 998 కాళ్లు. వెయ్యికి రెండే తక్కువ. ఇంకొక్క గాజు పెరిగి ఉంటే వెయ్యి అయ్యేదా? ఆలోచించండి. కాదు. గాజుకు నాలుగు కాళ్లు. 998 తర్వాత 1,002. వెయ్యి మీదుగా దూకేస్తుంది. ఇంకోలా చెప్తాను, రాసుకోండి. ఈ పద్ధతిలో ఆడదాని కాళ్లు ఎప్పుడూ నాలుగు పెట్టి గుణించి ఆరు కలిపినన్ని. 62 అలాగే వచ్చింది. 186 అలాగే. 750, 998, 1,306 అన్నీ అలాగే. వెయ్యిలోంచి ఆరు తీస్తే 994, అది నాలుగుతో నిశ్శేషంగా పోదు. కాబట్టి ఇలా గాజులున్న ఆడ సహస్రపాదికి, ఒక్క కాలూ ఊడకుండా ఉంటే, సరిగ్గా సహస్ర పాదాలు రావు. ఎంత పొడుగు పెరిగినా రావు!

ఇందాక జెర్రి అన్న పెద్దాయన ఏరీ? వంద కాళ్లదని పేరున్న మీ జెర్రి కథ కూడా అంతే. జెర్రికి గాజుకు ఒక్కటే జత. పెద్దయ్యాక మొత్తం జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే, 15 నుంచి 191 దాకా. వంద కాళ్లంటే 50 జతలు, అది సరి సంఖ్య. అందుకని జెర్రికీ సరిగ్గా వంద ఉండవు. ఒక కాలు విరిగినా జెర్రికి లెక్కేముంది అంటారు కదా, ఆ లెక్క మొదటి నుంచీ ఎవరూ వెయ్యలేదన్నమాట.

ఈ రెంటినీ కలిపెయ్యకండి. జెర్రి చదునుగా ఉంటుంది, చురుగ్గా పరిగెడుతుంది, తల కింద విషపు కోరలతో కుడుతుంది, వేటాడి తింటుంది. రోకలిబండ గుండ్రంగా, నెమ్మదిగా ఉంటుంది, కుట్టదు, కరవదు, కుళ్లిన ఆకు తింటుంది. పరిగెడితే జెర్రి, చుట్టుకుంటే రోకలిబండ. పిల్లలకు ఇది నేర్పండి.

అన్ని కాళ్లు ఎందుకు? వేగానికైతే కాదు, చూస్తూనే ఉన్నాం. తొయ్యడానికి. ఎడ్లబండి బురదలో దిగబడితే ఏం చేస్తాం? పదిమందీ ఒకేసారి భుజం పెడతాం. రోకలిబండ తల వంచి, మెడపట్టీని మట్టికి ఆనించి, వెనకున్న వందల కాళ్లతో నెడుతుంది. ఒక్కో కాలు బలం ఏపాటిది? అన్నీ కలిస్తే తడి మట్టి, ఆకుల దిబ్బ విచ్చుకుంటాయి. ఆస్ట్రేలియా పురుగుకు 1,306 కాళ్లు కూడా, సన్నటి పగుళ్లలో ఒళ్లు ఈడ్చుకుంటూ దూరడానికే అక్కరకొచ్చి ఉంటాయని దాన్ని వర్ణించినవాళ్లు భావించారు.

రాత్రి టార్చి పక్కనుంచి వేసి కాళ్లు చూడండి. ఎడమ కాలూ కుడి కాలూ ఒకేసారి లేస్తాయి. లేచిన కాళ్ల గుంపు ఒక అల అవుతుంది, ఆ అల తోక నుంచి తల వైపు వస్తుంది. గాలికి వరిచేను ఊగినట్టే ఉంటుంది. ఒక కాలు ఇంకో కాలికి తగలదు. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

పుట్టేటప్పుడు ఇన్ని కాళ్లుండవు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు సాధారణంగా మూడు జతలు, అంటే ఆరే. చీమకున్నన్ని. పొర విడిచిన కొద్దీ తోక దగ్గర కొత్త గాజులు, వాటికి కొత్త కాళ్లు వస్తాయి. కాబట్టి రోకలిబండకు ఎన్ని కాళ్లు అని అడిగితే, ఏ జాతి, ఏ వయసు, ఆడదా మగదా అని ఎదురు అడగాలి. పొర విడిచేటప్పుడు మట్టిలో చిన్న గది చేసుకుని అందులో ఉంటుంది. ఒళ్లు మెత్తగా, తెల్లగా ఉంటుంది. తోటలో తవ్వుతుంటే అలాంటిది బయటపడిందా, కదపకండి, మట్టి కప్పేయండి. అప్పుడు చెయ్యి తగిలితే బతకదు. విడిచిన పొరను అదే తినేస్తుంది, అందులో ఉన్న సున్నం వృథా పోకూడదని. దీని గాజులకు గట్టిదనం సున్నంతోనే వస్తుంది. చచ్చి ఎండిపోయిన రోకలిబండ తెల్లటి గాజులుగా విడిపోయి గోడ వారన పడి ఉంటుంది, చూసే ఉంటారు. చేత్తో తీస్తే సున్నపుముక్కలా చిట్లుతుంది.

ఇప్పుడు అందరూ అడిగేది. ఇంట్లోకి ఎందుకొస్తాయి, వస్తే ఏం చెయ్యాలి?

రెండు కారణాలు. ఒకటి, గట్టి వాన పడితే నేలలో గాలి ఉండే సందుల్లోకి నీళ్లు చేరతాయి. దీని శ్వాసరంధ్రాలకు మూతలు లేవు, మునిగితే ఊపిరాడదు. అందుకే పైకి వస్తుంది. రెండు, దీని ఒంట్లో తడి త్వరగా ఆరిపోతుంది, చెమ్మ కోసం వెతుక్కుంటుంది. మీ బాత్రూం దానికి బాగా నచ్చుతుంది. పొడి గదిలోకి వెళ్లిందా, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఎండి చచ్చిపోతుంది. మీ ఇంట్లో గుడ్లు పెట్టి సంసారం చెయ్యడానికి రాలేదు.

మందు కొట్టకండి. గదిలో కొట్టినా బయట నేలలో ఉన్నవి వస్తూనే ఉంటాయి, మందు పీల్చేది మీరూ మీ పిల్లలూ. చీపురుతో చేటలోకి ఎత్తి చెట్టు కింద వేసెయ్యండి. గోడను ఆనుకుని రెండు మూడు అడుగుల మేర రాలిన ఆకు, కట్టెలు, తడి గోనెసంచులు లేకుండా చూసుకోండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వెయ్యండి. మొక్కలకు నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి, రాత్రికి పైన మట్టి ఆరుతుంది. ఈ నాలుగూ చేస్తే చాలావరకు ఆగిపోతాయి. తాటాకు, కొబ్బరాకు కప్పులున్న ఇళ్లలో పైనుంచి రాలే రకం ఇంకోటి ఉంది. దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఉండే ఆ జాతిని ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త 1775లో వర్ణించాడు, ఇప్పటి పేరు జెనోబోలస్ కార్నిఫెక్స్. కార్నిఫెక్స్ అంటే లాటిన్‌లో తలారి. ఆకు నమిలి బతికే ప్రాణికి తలారి అని పేరు! పేర్ల విషయంలో ఈ జీవులకు జరిగిన అన్యాయం ఒకటి కాదు. దానికి మందు పాత ఆకు తీసి కొత్త ఆకు కప్పడమే, కుళ్లిన ఆకే దాని తిండి.

కాలితో తొక్కకండి. భయపడితే ఇది ఒంటి పక్కనున్న రంధ్రాల్లోంచి ఒక ద్రవం వదులుతుంది. గుండ్రటి పొడుగు రకాల్లో అందులో బెంజోక్వినోన్లు అనే ఘాటు రసాయనాలు ఉంటాయి. చేతికంటితే గోధుమరంగు మరక, ఘాటు వాసన. సబ్బుతో వెంటనే కడగాలి, అయినా మరక కొన్ని రోజులు ఉండొచ్చు. అసలు ప్రమాదం కంటికి. ఆ చేత్తో కన్ను నలిపితే భగ్గుమని మండుతుంది. 15 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో పొద్దున్నే నేల ఒకసారి చూసుకోండి, నోట్లో పెట్టుకుంటారు. ఇందాక చెప్పిన చదునుగా ఉండే రకాలు హైడ్రోజన్ సైనైడ్ వదులుతాయి, బాదం గింజ వాసన వస్తుంది. ఒకటి రెండింటితో మనకేం కాదు. పిల్లలు సీసాలో నాలుగైదు వేసి మూత బిగిస్తే మాత్రం తమ విషానికి తామే చస్తాయి.

పంటకు నష్టమా? ఎక్కువగా కుళ్లినదే తింటాయి. మొలకలు, నేలకు తగిలే మెత్తటి కాయలు, దుంపలు మాత్రం కొరుకుతాయి, తేమ ఎక్కువై వేరే తిండి దగ్గర లేనప్పుడు. మొలక చుట్టూ ఆకు పరుపు కొంచెం వెనక్కి లాగితే చాలు. కంపోస్టు గుంటలో ఉంటే తియ్యకండి. ఎండుటాకు ముక్కలు చేసి చిన్న గుళికలుగా వదులుతాయి, మిగతా పని సూక్ష్మజీవులు అందుకుంటాయి.

సరే, చీకటి పడింది, బయటికి వెళ్దాం. మనిషికో టార్చి, ఇద్దరికో పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. మూతకు రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి. చేత్తో పట్టొద్దు, ఆకు మీదికి ఎక్కించుకుని డబ్బాలో దించండి. డబ్బా అడుగు నుంచి కెమెరాతో ఫొటో తియ్యండి. కాళ్లు లెక్కపెట్టబోయి కళ్లు కాయలు చేసుకోకండి, ఫొటోను పెద్దది చేసి గాజులు లెక్కపెట్టండి, మిగతాది గుణకారమే. ఏడో గాజు కింద కాళ్ల వరుసలో ఖాళీ కనిపిస్తే అది మగది, మారిన జత ఒకటైతే రెండు, రెండైతే నాలుగు తీసెయ్యండి. తేదీ, వాన ఎప్పుడు పడింది, ఎక్కడ దొరికింది, ఎన్ని గాజులు, అన్నీ రాసుకోండి. అయిపోయాక ఏ రాయి కింద తీశారో ఆ రాయి కిందే వదలాలి. రాయి ముందు దించి, తర్వాత పురుగును పక్కన పెట్టండి. అదే దూరిపోతుంది.